కేక వినపడేంత దూరం

కార్తీకం. పున్నమి వెళ్ళిన మర్నాడు.

పడమటి వరసలో మంచు నీళ్ళు పట్టే వలలు చిరిగాయి. రాత్రంతా ఒకటే గాలి. తెల్లవారాక నేనూ గవరయ్యా వాటిని దించి, తడి పిండి, వసారాలో పరిచి చిరుగులు వెతికాం. తొట్లు మాత్రం నిండాయి. మంచు పట్టే కాలం మొదలైంది. ఇక ఫాల్గుణం దాకా నడుం వాల్చడానికి కూడా తీరిక ఉండదు.

ఇదంతా పొద్దున్నే స్టేషన్ లాగ్‌లో చెప్పాను. ఆ లాగ్ జలమండలికి వెళుతుంది. అందులో గవరయ్య ఉండడు. వలలు దించిందీ, కుట్టిందీ, మళ్ళీ కట్టిందీ నేనొక్కదాన్నే. రెండేళ్ళుగా నా పక్కన కూర్చుని అన్నం తింటున్న మనిషిని లేడు లేడు అని రోజూ చెప్పి నోరు అలిసిపోయింది. అందుకని ఇది వేరే రాసుకుంటున్నాను, కాగితం మీద. ఎవరికీ పంపేది కాదు.

గవరయ్య రంగం మనిషి. బర్మాని ఇక్కడ రంగం అనే అంటారు. వాళ్ళ పూర్వీకులు ఎప్పుడో భీమిలి రేవులో ఓడెక్కి బర్మా వెళ్ళిపోయారు. ఇప్పుడు ఆ రేవు లేదు, మౌల్మేన్‌లో వాళ్ళ తెలుగు వీధీ లేదు. రెండూ సముద్రం కిందే ఉన్నాయి. ఊరు మునిగాక అతను ఒక చేపల పడవలో ఇటు వచ్చాడు. మాట్లాడేది తెలుగే. మా అమ్మమ్మ మాట్లాడినట్టు మాట్లాడతాడు. కానీ అతని నాడి ఇక్కడి రికార్డులో లేదు. నాడి రికార్డు లేనివాళ్ళు దొరికితే ఓడలకి పంపుతారు. తీరానికి దూరంగా లంగరు వేసి ఉంచిన పాత సరుకు ఓడలు. అక్కడి నుంచి తిరిగి వచ్చినవాళ్ళని నేను చూడలేదు.

వలలు కుట్టడానికి ఒక కాంట్రాక్టరు తీసుకొచ్చాడు అతన్ని. పని అయ్యాక మిగతా మనుషుల్ని బండెక్కించుకుని ఇతన్ని ఇక్కడే వదిలేసి పోయాడు. నేనూ పొమ్మనలేదు.

ఈ రోజు మధ్యాహ్నం కింది లోయ నుంచి మోటారు చప్పుడు వినిపించింది. ఘాట్ రోడ్డు మొదట్లో గుంజలు పాతుతున్నారట. చప్పుడు చిన్నదే. అయినా వల పక్కన పెట్టేసి, ఇంటి వెనక్కి వెళ్ళి కూర్చున్నాను.


కార్తీకం. బహుళంలో.

గుంజలంటే జనం పెట్టిన పేరు. ప్రభుత్వం నాడి స్తంభాలంటుంది. మనిషి పక్కనుంచి నడిచి వెళితే చాలు, గుండె కొట్టుకునే తీరు చూసి ఎవరో చెప్పేస్తాయి. ఎవరి గుండె దరువు వాళ్ళదే, ఇంకొకరికి ఉండదట. రికార్డులో ఉంటే పచ్చ దీపం, లేకపోతే ఎర్ర దీపం. మైదానంలో ఆసుపత్రి గుమ్మం దగ్గర, రేషన్ దుకాణం దగ్గర, బస్సు తలుపు దగ్గర ఎప్పటి నుంచో ఉన్నాయి. కొండ మీదికి మాత్రం ఇప్పుడు వస్తున్నాయి.

ఈ రోజు వాటి ఇంజనీరు వచ్చింది. పేరు మణిమాల. తునివైపు పిల్ల. చలికి అలవాటు లేక ఒకటే దగ్గు. జీపు చప్పుడు వినగానే గవరయ్య వలల గోదాంలోకి వెళ్ళిపోయాడు. నేను ఆమెకి టీ ఇచ్చాను.

"మాఘమాసానికి మీ గేటు దాకా వచ్చేస్తామండి" అంది. "ఇక్కడ ఒక స్తంభం, తొట్ల దగ్గర ఒకటి. మీరిక్కడ ఒక్కరే ఉంటారా?"

"ఒక్కదాన్నే."

ఆమె వసారాలో ఆరేసిన లుంగీ వైపు చూసింది. చేతిలో చిన్న యంత్రం ఉంటే నా వైపు తిప్పింది, ఊరికే సరిచూడడానికి. దీపం ఎర్రగా వెలిగింది. మళ్ళీ తిప్పింది. మళ్ళీ ఎరుపే.

"మేడం, మీ రికార్డు ఎప్పటిది?"

"పటాలంలో చేరినప్పటిది."

"తరవాత గుండె జబ్బేమైనా..."

"యుద్ధం" అన్నాను.

ఆమెకి అర్థమైంది. ఈ పని చేసేవాళ్ళకి నాలాంటివాళ్ళు తగులుతూనే ఉంటారు కాబోలు. జలాశయాల యుద్ధంలో నేను హవల్దారుని. ఎగువ ఆనకట్ట కింద సొరంగం కూలినప్పుడు లోపల ఉన్నాను. మా దళంలో బయటికి వచ్చింది నేనొక్కదాన్నే. పైన ఎక్కడో మోటారు నీళ్ళు తోడుతూనే ఉండేది. ఆ చప్పుడు ఉన్నంతసేపు మనకోసం ఎవరో వస్తున్నారని చెప్పుకునేవాళ్ళం. పక్కన పడుకున్నవాళ్ళు ఒక్కొక్కరే మాట్లాడడం మానేశారు. చివరికి మోటారూ నేనూ మిగిలాం. అప్పటి నుంచి నా గుండె పాత దరువు మరిచిపోయింది. మోటారు వినపడితే చాలు, మన్ను నోట్లోకి వచ్చినట్టుంటుంది. మూసిన గదిలో నిలవలేను. ఈ స్టేషన్‌కి రాగానే తలుపులన్నీ ఊడదీసి పెరట్లో పేర్చింది అందుకే.

"నర్సీపట్నం కేంద్రానికి వచ్చి కొత్త రికార్డు చేయించుకోవాలండి. లేకపోతే మీ గేటు దగ్గర మీకే ఎర్ర దీపం వెలుగుతుంది."

"రికార్డు ఎక్కడ తీస్తారు?"

"గదిలో. బయటి చప్పుడు రాకుండా తలుపు మూసి."

చూద్దాంలే అన్నాను. ఆమె టీ పూర్తిగా తాగి వెళ్ళింది.

గవరయ్య బయటికి వచ్చాడు. జుట్టు నిండా పీచు. "ఏటంట?" అన్నాడు.

"నేనూ నీలాంటిదాన్నేనట. రికార్డులో లేను."

నవ్వాడు. నవ్వి వెంటనే దవడ పట్టుకున్నాడు. కింది వరసలో ఒక పన్ను కొన్నాళ్ళుగా సలుపుతోందట. ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదు.


మార్గశిరం.

మోటారు రోజురోజుకీ పైకి వస్తోంది. గుంజ పాతాలంటే రాయి తొలచాలి. ఒక్కో మలుపు ఎక్కుతున్న కొద్దీ చప్పుడు పెద్దదవుతోంది.

ఈ రోజు తొట్టి కడుగుతుండగా గాలి ఇటు తిరిగింది. చప్పుడు ఒక్కసారి పక్కనే ఉన్నట్టు వచ్చింది. తరవాత ఏం జరిగిందో నాకు తెలీదు. తెలిసేసరికి తొట్టి వెనక తడి నేల మీద ముడుచుకుని ఉన్నాను. గోళ్ళలో మట్టి. గవరయ్య నాకు కొంచెం ఎడంగా గొంతుకూర్చుని ఉన్నాడు. అతను ఎప్పుడూ దగ్గరికి రాడు, ముట్టుకోడు. మొదటిసారి తెలియక భుజం పట్టుకుంటే మోచేత్తో పొడిచాను. పెదవి చిట్లింది. ఆ తరవాత మళ్ళీ ఆ పని చెయ్యలేదు. మాట్లాడతాడు, అంతే.

"...మా ఈది సివర సేపల బజారు. పొద్దున్నే ఎల్తే బుట్టలు బుట్టలు. మా యమ్మ బేరవాడితే బజారంతా ఇనపడీది. ఇంతింత పులసలు కావనుకో, వేరే జాతి. పేరు నీకు తెల్దు. పులుసెడితే నాలుగిళ్ళు అవతలికి వోసన. ఇయాళ ఏటొండుదుం పైడీ? ముల్లంగి ఉంది. నప్పేసి పులుసెట్టీనా?"

నప్పి అంటే చేపల్ని కుళ్ళబెట్టి చేసే ముద్ద. ఇక్కడ చేపలు లేక ఎండు రొయ్యపొట్టుతో చేస్తాడు. ఆ వాసన నాకు అసహ్యం.

"వద్దు" అన్నాను, మట్టిలో నుంచే.

"అదీ. మాటొచ్చింది. నెగు, సలి పడద్ది."

రెండేళ్ళుగా ఇదే. నేను ఎక్కడికో పోతాను. ఈయన కూర గురించి మాట్లాడుతూ వెనక్కి పిలుస్తాడు. పోయిన చలికాలం తలుపుల్లేని గదిలో ఇద్దరం వణికిపోయాం. తలుపులు బిగిద్దామని ఒక్కసారి కూడా అనలేదు. పనికిరాని పాత వలలు మడతల మీద మడతలుగా గుమ్మానికి వేలాడదీశాడు. గాలి ఆగింది. పడుకుంటే అవతల కొండ కనిపిస్తూనే ఉంటుంది. ఆ వారమే నా మంచం వసారాలోంచి లోపలికి వచ్చింది. అతని చాపా పక్కకి జరిగింది. మేమిద్దరం ఈ వయసులో ఒకరికొకరం ఏమవుతామో పేరు పెట్టి చెప్పుకోలేదు.

సాయంత్రం అతను అన్నం నమలలేకపోయాడు. ముల్లంగి పులుసు మెత్తగా కలిపి, ఒకవైపు నుంచే మింగాడు.


పుష్యం.

పన్ను పాడైపోయింది. లవంగం పెట్టాం. ఉప్పునీళ్ళు పుక్కిలించాడు. జామాకు నమలమన్నాను, నోరు తెరవడమే కష్టమైంది. ఎడమ దవడ కింద గడ్డలా లేచింది. ముట్టుకుంటే కాలుతోంది.

కింద ఆసుపత్రి ఉంది. పన్ను పీకడం వాళ్ళకి చిటికెలో పని. కానీ గుమ్మం దగ్గర గుంజ ఉంది. నేను మందు తెచ్చిపెడదామన్నా నా గుండెకీ ఎర్ర దీపమే.

"పట్టకారుతో నువ్వే లాగెయ్" అన్నాడు.

మధ్యాహ్నం ఎండలో కూర్చోబెట్టి ప్రయత్నించాను. పట్టకారు జారింది. పన్ను పైభాగం విరిగి వచ్చింది, వేరు లోపలే ఉండిపోయింది. అతను అరవలేదు. చాప అంచు పిడికిట్లో నలిపి, కళ్ళు మూసుకున్నాడు. తరవాత నన్నే ఓదార్చాడు, అలా విరగడం మామూలేనని.

మర్నాటి నుంచి జ్వరం.

మణిమాల మళ్ళీ వచ్చింది. ఈసారి జీపు చప్పుడు విని దాక్కునే శక్తి అతనికి లేదు. గుమ్మంలో వల తెర పక్కకి తొలగించి ఆమె లోపలికి చూసింది. దుప్పటి కింద మనిషిని చూసింది. నేను ఆమెకీ అతని చాపకీ మధ్యలో నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో తెలీదు. ఆ పిల్లని కొడతానా ఏమిటి?

ఆమె వసారాలోకి వెనక్కి వెళ్ళి మెట్టు మీద కూర్చుంది. చాలాసేపు దగ్గింది.

"నేను చూడలేదని ఎక్కడా రాయలేనండి" అంది. "కానీ స్తంభం లేచేదాకా చూడడం నా ఉద్యోగం కాదు. లేచాక అదే చూస్తుంది."

"ఎన్నాళ్ళుంది?"

"రాయి గట్టిగా ఉంది. ఈ నెలాఖరు." తరవాత తనంతట తానే అంది. "తోడు చట్టం గురించి విన్నారా?"

వినలేదు. ఆమె చెప్పింది. యుద్ధంలో మనసు దెబ్బతిని, గుండె దరువు నిలకడగా లేని సైనికులకి ఒక వెసులుబాటు ఉందట. పక్కన ఎవరుంటే ఆ గుండె కుదుటపడుతుందో ఆ మనిషిని తోడుగా రాయించుకోవచ్చు. ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి, రెండు నాడులూ కలిపి ఒకే రికార్డు చేస్తారు. తోడు వచ్చిన మనిషి ఎవరు, ఎక్కడివాడు అని ఆ చట్టం అడగదు. రాసినవాళ్ళు మర్చిపోయారో, కావాలనే వదిలేశారో తనకీ తెలీదంది.

"మరి అందరూ చేయించుకోరేం?"

"ఇబ్బందులున్నాయండి. మీ పాత రికార్డు కొట్టేస్తారు. ఆ తరవాత మీరు విడిగా ఒక మనిషి కాదు, ఆయనా కాదు. ఇద్దరూ కలిసి ఒకటి. కేక వేస్తే వినపడేంత దూరంలోనే ఉండాలి. అది దాటితే ఇద్దరికీ ఎరుపే. ఒకరు పోతే రెండోవాళ్ళు..." ఆగింది. "ఇంకోటి. ఈ స్టేషన్ మీకుండదు. కాపలా ఉద్యోగానికి సొంత రికార్డు కావాలి."

"గదిలో నా గుండె కుదుటపడకపోతే?"

"దరఖాస్తు కొట్టేస్తారు. మీరు ఇంటికి రావచ్చు. ఆయన్ని మాత్రం అక్కడి నుంచి అటే తీసుకెళతారు."

ఆమె వెళ్ళాక లోపలికి వచ్చాను. గవరయ్య అంతా విన్నాడు.

"ఒద్దు" అన్నాడు. దవడ తెరుచుకోక మాట ముద్దగా వస్తోంది. "నీ కొంగుకి ముడేసి నన్ను తిప్పుతావేటి? నానేటి మేకనా?"

"నన్నూ నీకు ముడేస్తారు కదా."

"అదింకా ఒద్దు. ఈ కొండ లేకపోతే నువ్వు బతకలేవు. కింద అన్నీ మోటార్లే. అన్నీ తలుపులే."

నాకూ కోపం వచ్చింది. "అయితే ఇక్కడే చచ్చిపో. గుంత నేనే తవ్వుతాను" అన్నాను. అతనికి జావ తాగించి, గిన్నె కడిగి, వలలు చూడ్డానికి వెళ్ళాను. తొట్టి నిండి పొర్లుతోంది. కాలవ తెరవడం కూడా మరిచిపోయాను.


పుష్యం. బహుళ పక్షం.

పొద్దున్న వలల దగ్గర్నుంచి తిరిగొచ్చేసరికి చాప ఖాళీగా ఉంది. వల కుట్టే సూది లేదు, అతని సంచి లేదు. తెల్లవారుజామున నేను అటు వెళ్ళగానే బయలుదేరి ఉంటాడు.

చెప్పులు వేసుకుని ఘాట్ రోడ్డు దిగాను. కిందికి దిగేది ఈ ఒక్కదారే. మలుపుల్లో కొత్త గుంజలు నిలబడి ఉన్నాయి. కొన్ని ఇంకా పని మొదలుపెట్టలేదు. పనిచేసే మొదటిదాని పక్కనుంచి వెళ్ళగానే ఎర్ర దీపం వెలిగింది. లోపలి నుంచి ఆడగొంతు, "గుర్తు తెలియని వ్యక్తి. దయచేసి ఆగండి" అంది. ఆగలేదు. తరవాత మలుపు కింద రాయి తొలిచే మోటారు మొదలైంది. కాళ్ళు నేలకి అతుక్కుపోయాయి. రోడ్డు పక్క గోడ పట్టుకున్నాను. కూర గురించి మాట్లాడేవాడు పక్కన లేడు. నాకు నేనే చెప్పుకున్నాను. ముల్లంగి ఉంది, వంకాయ ఉంది, బియ్యం నానబెట్టలేదు. పిచ్చిదానిలా గట్టిగానే అనుకుంటూ నడిచాను.

అతను ఎంతో దూరం పోలేకపోయాడు. పని మొదలెట్టని ఒక గుంజ దాటాక కల్వర్టు మీద కూర్చుని ఉన్నాడు. దవడకి తువ్వాలు కట్టుకున్నాడు. ముఖం ఒకవైపు ఉబ్బి ఆ కన్ను సగం మూసుకుపోయింది. నన్ను చూసి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు.

పక్కన కూర్చున్నాను. ఇద్దరం రొప్పుతున్నాం.

"ఎక్కడికి?" అన్నాను.

"నాకేటి తెల్సు. నువ్వు నిమ్మలంగా ఉంటావని."

"ఉన్నానా?"

అతను సంచి ఒళ్ళోకి లాక్కున్నాడు.

"గవరయ్యా, ఆ కొండ నాది కాదు. జలమండలిది. నాకు ఒంట్లో ఓపిక తగ్గిన రోజున వాళ్ళే పొమ్మంటారు. నువ్వు రాకముందు అక్కడ మూడు చలికాలాలున్నాను. బాగున్నానని ఎవరు చెప్పారు నీకు? పన్ను పీకించుకో. బతుకు. ఆ తరవాత నాతో ఉండడం ఇష్టం లేకపోతే చెప్పు, అప్పుడు చూద్దాం. ఇప్పుడు మాత్రం నాకు వాదించే ఓపిక లేదు."

అతను తువ్వాలు కొసతో కళ్ళు తుడుచుకున్నాడు. "ఇట్టం లేకేటి" అన్నాడు.

మణిమాల జీపు కింది నుంచి వచ్చి మా ముందు ఆగింది. పైన గుంజ రెండుసార్లు ఎర్రబడిందని ఆమెకి కబురు వెళ్ళి ఉంటుంది, కొత్త గుంజలు ఇంకా ఆమె చేతిలోనే ఉన్నాయి. ఇద్దరినీ చూసింది.

"ఎక్కండి" అంది. "దరఖాస్తుకి వస్తున్నారని ఇప్పుడే కేంద్రానికి ఫోన్ చేస్తాను. నేను చెబితే మీరు వస్తున్నవాళ్ళు. కింది స్తంభం చెబితే దొరికినవాళ్ళు."

గవరయ్యని వెనక సీట్లో పడుకోబెట్టి, తల ఒళ్ళో పెట్టుకున్నాను. కిటికీ అద్దం దించమంటే ఆమె అన్ని అద్దాలూ దించేసింది. చలికి దగ్గుతూనే బండి నడిపింది.


అదే రోజు. సాయంత్రం, ఆసుపత్రి వరండాలో రాస్తున్నాను.

కేంద్రంలో రికార్డు తీసే గది చిన్నది. గోడలకి మెత్తటి బూడిదరంగు అట్ట. రెండు కుర్చీలు. మణికట్టుకి పట్టీలు కట్టారు. కేంద్రం ఉద్యోగి ఒకాయన, పెద్దవయసు మనిషి, నియమం చదివి వినిపించాడు. ఎదురుగోడ మీద గీత పచ్చగా ఒకే తీరున కొంతసేపు సాగాలి. మధ్యలో చెదిరితే మళ్ళీ మొదటి నుంచి. మూడోసారి చెదిరితే అయిపోయినట్టే.

"తలుపు కొంచెం తెరిచి ఉంచకూడదా?" అన్నాను.

"కుదరదమ్మా" అన్నాడు. కఠినంగా అనలేదు.

తలుపు పడింది. మొదటిసారి గీత పుట్టకుండానే చెదిరింది. గోడలు నా మీదికి వంగాయి. మన్ను వాసన. గవరయ్య నా వైపు తిరిగాడు. నోరు తెరవబోయాడు. జీపులోనే బిగుసుకుపోయిన దవడ కదల్లేదు. ఇన్నాళ్ళూ నన్ను వెనక్కి పిలిచిన గొంతు, ఆ గొంతు లేదు. మూసిన గదిలో పక్కనున్న మనిషి మాట్లాడడం లేదు. అంతకన్నా నాకు భయమైంది ఈ లోకంలో లేదు. రెండోసారీ చెదిరింది.

బయటి నుంచి ఆయన గొంతు, స్పీకర్‌లో. "ఇదే ఆఖరు. మీరు సిద్ధమంటేనే మొదలెడతాను."

ఇక చెయ్యడానికి ఇంకేమీ లేదు. అందుకని నేనే మాట్లాడాను.

"గవరయ్యా, మా దళంలో జోగులు అని వంటవాడు ఉండేవాడు. నీకెప్పుడూ చెప్పలేదు కదూ."

"ఊ" అన్నాడు. మూసిన నోటితోనే, ముక్కులోంచి.

"పార్వతీపురం వాడు. మహా పిసినారి. చింతకాయ పచ్చడి డబ్బా ఒకటి ఎవరికీ పెట్టకుండా దాచుకున్నాడు. సొరంగంలో చిక్కుకున్నాక ఆ డబ్బా బయటికి తీశాడు. అందరికీ వేలితో నాకించాడు."

"ఊ."

"చీకట్లో అందరం పచ్చడి నాకుతూ పోట్లాడుకున్నాం. నాకు తక్కువొచ్చిందంటే నాకు తక్కువొచ్చిందని. బయటికి వెళ్ళాక పెద్ద జాడీ నిండా పెడతానన్నాడు. ఉప్పు ఎక్కువైందని నేను తిట్టాను. తిడితే నవ్వాడు. ఆ నవ్వు నాకింకా..."

గోడ మీద గీత వణికింది.

"ఊ?" అన్నాడు గవరయ్య. తరవాత ఏమైందని అడిగే ఊ అది.

"తరవాత రమణి పాట అందుకుంది. రాగం రాదు దానికి. ఆపమని అందరం ఒకటే గోల..."

చెబుతూ పోయాను. ఒక్కొక్కరి పేరూ చెప్పాను, ఎవరు ఎలా గురక పెట్టేవారో, ఎవరికి ఏ ఊళ్ళో పిల్లని చూశారో. ఇన్నేళ్ళలో వాళ్ళ చావు తప్ప నాకేదీ గుర్తు రాలేదు. అతను ప్రతిదానికీ ఊ కొట్టాడు. ఒక్కటి కూడా ఆలస్యం కాలేదు. జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్న మనిషి.

తలుపు తెరుచుకున్నప్పుడు నేనింకా చెబుతూనే ఉన్నాను. పెద్దాయన గుమ్మంలో నిలబడి, "అయిపోయిందమ్మా. ఎప్పుడో అయిపోయింది" అన్నాడు.

ఆసుపత్రి గుమ్మంలో ఇద్దరం కలిసి నడిచాం. పచ్చ దీపం వెలిగింది. లోపల ఇప్పుడు గవరయ్యకి చీము తీసి, వేరు పీకుతున్నారు. నేను వరండాలో తలుపుకి ఆనుకుని కూర్చున్నాను, కేక వినపడాలి కదా. ఒకసారి వినపడింది కూడా.


మాఘం.

స్టేషన్ అప్పగించడానికి ఇద్దరం కొండ మీదికి తిరిగొచ్చాం. కొత్త కాపలాదారు వచ్చాడు. పాడేరు మనిషి, పెళ్ళాంతో వచ్చాడు. పెరట్లో పేర్చిన తలుపులు చూసి, ఇవెందుకు ఊడదీశారని అడిగాడు. చెదలు పట్టాయన్నాను. ఏ తొట్టి ఎప్పుడు తెరవాలో, ఏ వరసకి గాలి ఎక్కువ తగులుతుందో చూపించాను. గవరయ్య వల కుట్టడం చూపించాడు. మొదటిసారి వేరే మనుషుల ముందు, పగటిపూట, వసారాలో కూర్చుని.

సామాను ఒక్క సంచికి సరిపోయింది. మేం దిగుతుంటే ఆ మొగుడూ పెళ్ళాం తలుపులు బిగించుకుంటున్నారు. సుత్తి దెబ్బలు రెండు మలుపుల దాకా వినిపించాయి. వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే ఏడుస్తానని కాదు, మెడ పట్టేసింది.


ఫాల్గుణం. నర్సీపట్నం.

మేడ మీద గది. కిటికీలు పెద్దవి. తలుపు ఉంది కానీ గొళ్ళెం తీసేశాం. వీధి చివర నీళ్ళ మోటారు పొద్దున్నొకసారి, సాయంత్రమొకసారి వేస్తారు. ఆ వేళకి గవరయ్య ఎక్కడున్నా పక్కకి వచ్చి కూర్చుంటాడు. కొన్ని రోజులు తట్టుకుంటాను. కొన్ని రోజులు మంచం కిందికి వెళతాను.

అతనికి వలల దుకాణంలో పని దొరికింది. దుకాణం ముందు నాకొక స్టూలు వేశారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అక్కడే కూర్చుని బియ్యం ఏరుతాను, కూరలు తరుగుతాను. అతను ఎక్కడికి వెళితే నేనక్కడికి. నేను గుడికి వెళతానంటే దుకాణం కట్టేసి అతనూ రావాలి. విసుక్కుంటాం. నిన్న పోట్లాడుకుని ఒకరి మీద ఒకరికి కోపంతో విడిగా పోదామంటే పోవడానికి లేదు. వీధి ఈ చివర అతను, ఆ చివర నేను. మొహాలు తిప్పుకుని నిలబడ్డాం. కిళ్ళీకొట్టు ఆయన చూసి నవ్వాడు.

ఈ రోజు సంతకి వెళ్ళాం. ఎండుచేపల దగ్గర ఒక ముసలామె అతని మాట విని, "ఏ ఊరు బాబూ మీది? మా తాత ఇలాగే మాట్లాడీవోడు" అంది.

గవరయ్య అటూ ఇటూ చూశాడు. అలవాటు. తరవాత గొంతు సవరించుకుని, సంతలో పదిమందికీ వినపడేలా చెప్పాడు.

"నా పేరు గవరయ్య. మాది మౌల్మేను. రంగం నుంచొచ్చాను."

ఆమె పక్కనున్నవాళ్ళని పిలిచింది. రంగం వాడట, రంగం వాడట అంటూ ఇద్దరు ముగ్గురు చేరారు. అతను బుట్ట కింద పెట్టి మొదలుపెట్టాడు. వాళ్ళ వీధి, చేపల బజారు, వాళ్ళమ్మ బేరాలు. చేతులు తిప్పుతూ చెబుతున్నాడు. అలా నిలబడి, దాచుకోకుండా, కొత్తవాళ్ళతో మాట్లాడడం నేనెప్పుడూ చూడలేదు. మధ్యలో ఒకసారి తలెత్తి నాకోసం వెతికాడు. ఉల్లిపాయల బస్తాల పక్కన ఉన్నాను. చెయ్యి ఎత్తాను. మళ్ళీ అటు తిరిగాడు.

మోకాళ్ళు పీకుతున్నాయి. కూర్చోవడానికి ఎక్కడా చోటు లేదు. ఎండ నెత్తి మీదికి వచ్చింది. ఆ ముసలామె ఇంకా ఏదో అడుగుతోంది, అతను ఇంకా చెబుతున్నాడు. సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని నిలబడ్డాను.